పొయ్యి వెలగని ఇంట్లో నిండిన సంచి

సహోదరీ సహోదరులారా, ఒకప్పుడు నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, అయ్యో మళ్ళీ తెల్లారిందే అని ఏడ్చేదాన్ని! తెల్లవారడం దేవుడిచ్చిన వరమని చిన్నప్పటి నుంచీ సండే స్కూల్లో చెప్పుకున్నదాన్ని, పిల్లలకు చెప్పినదాన్ని, అలాంటి నేను కిటికీ సందులోంచి వెలుగు పడితే దాని మీద కూడా కోపం తెచ్చుకుని దుప్పటి మొహం మీదికి లాక్కునేదాన్ని. ఆ చీకట్లోంచి ప్రభువు నన్ను ఎలా లేపాడో ఈ కృతజ్ఞతా కూడికలో నాలుగు మాటలు చెప్పమని మన పెద్దలు అడిగారు. నాలుగు మాటలతో ఆగే నోరు కాదు నాదని మా ఆయనకు తెలుసు, అందుకే వెనక వరుసలో గోడకు ఆనుకుని తీరుబడిగా కూర్చున్నారు, చూడండి!

నా సంగతి తెలియని కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు సువార్తమ్మ. మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్ళైన కొత్తలో మా ఆయనకు ఎల్బీనగర్లో కరెంటు సామాన్ల షాపులో పని దొరికితే ఆయన వెంట ఈ ఊరు వచ్చాను. మాకు పిల్లలు లేరు. ఆ లోటు తెలియకుండా దిల్‌సుఖ్‌నగర్లో ఒక సందులో పై అంతస్తు కిరాయికి తీసుకుని ఆడపిల్లల హాస్టల్ పెట్టాను. కోచింగుల కోసం ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు, గుంటూరు పిల్ల, సూర్యాపేట పిల్ల, ఒంగోలు పిల్ల, మిర్యాలగూడ పిల్ల, అందరూ నా వంటగదిలోనే పెరిగారు. అన్నం వండే గుండిగ ఎంత పెద్దదంటే ఇద్దరు పట్టుకుంటే గాని పొయ్యి మీంచి దిగదు. "ఆంటీ అరిస్తే మూసారాంబాగ్ వంతెన దాకా వినపడతది" అని పిల్లలు నన్ను ఏడిపించేవాళ్ళు, నేను ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

అప్పుడు తెలంగాణ ఉద్యమం రోజులు. ఆ ఉద్యమం న్యాయాన్యాయాలు మాట్లాడటానికి నేనిక్కడ నిలబడలేదు, ఈ సంఘంలో రెండు వైపులా మనవాళ్ళే ఉన్నారు, ఆ రోజుల్లో కూడా ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి తిన్నాం, దేవునికి స్తోత్రం! నా గోడు మాత్రం చెబుతాను. బందు మీద బందు, షట్టర్లు మూత, కోచింగ్ సెంటర్లకు తాళాలు, బస్సులు డిపోలోనే. తల్లిదండ్రులు భయపడి ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళిపోయారు, ఆఖరి పిల్ల పెట్టె సర్దుకుని మెట్లు దిగిన రోజు నుంచి ఆ ఇల్లు బావురుమంది. నేనేం చేశాను? టీవీ ముందు కూర్చున్నాను. పొద్దున లేచింది మొదలు అదే పని, చూసిందే చూడటం, విన్నదే వినడం. రోడ్డు మీద ఊరేగింపు అరుపులు వినపడితే కర్టెన్లు లాగేసి, ఈ మనుషులంతా నన్నే పొమ్మంటున్నారని వణికిపోయేదాన్ని. ఊరి నుంచి మా అన్నయ్య ఫోన్ చేసి "వచ్చేయండమ్మా, అక్కడేం ఉందని" అనేవాడు. అది ప్రేమతో అన్న మాటే, కానీ ఫోన్ పెట్టేశాక నాకు గుండె దడ పట్టుకునేది.

తర్వాత నాకు నిద్ర దూరమైంది. ఆ తర్వాత ఆకలి పోయింది. ఉన్నట్టుండి ఊపిరాడక, చెమటలు పట్టి, పోతున్నాను పోతున్నాను అంటే మా ఆయన భయపడి దవాఖానకు తీసుకెళ్ళారు. గుండె పరీక్షలన్నీ చేసి "మీకేం లేదమ్మా, అంతా బాగానే ఉంది" అన్నారు. ఏదో ఒక జబ్బు పేరు చెప్పినా బాగుండేది సహోదరులారా! ఏమీ లేకపోతే మరి నేనెందుకిలా ఉన్నాను, అయితే తప్పు నాలోనే ఉంది, నా విశ్వాసంలోనే ఉంది అనుకున్నాను. విశ్వాసికి దిగులేమిటి, స్తుతించే నోటికి ఏడుపేమిటి అని మనమే ఒకరికొకరు చెప్పుకుంటాం కదా, ఆ మాటే నన్ను ఎవరితోనూ చెప్పుకోనివ్వలేదు. మంచి మనసుతోనే మా బంధువులు వేరే ఊరి నుంచి ఒక ప్రార్థనాపరుణ్ణి తీసుకొచ్చారు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి దిగులు దయ్యమా వదిలిపో అని చాలాసేపు గద్దించాడు. పాపం ఆయన గొంతు బొంగురుపోయింది. ఆయన అవస్థ చూడలేక "తగ్గిపోయిందండీ, స్తోత్రం" అని చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు, నేను లోపలికి వెళ్ళి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఇప్పుడు మన సంచి సంగతికొస్తాను. మన సంఘంలో పిడికెడు బియ్యం ఆచారం మీకందరికీ తెలిసిందే, కొత్తవాళ్ళకు చెబుతున్నాను. అన్నానికి బియ్యం కొలిచాక, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి, పొయ్యి పక్కన మేకుకు వేలాడే గుడ్డసంచిలో వేసి, ఆ పూటకు దేవునికి ఒక స్తోత్రం చెప్పుకోవాలి. ఆదివారం ఆ సంచి తెచ్చి ఇదిగో ఈ బల్ల ముందున్న పాత్రలో పోస్తాం, ఆ బియ్యం పని దొరకని ఇళ్ళకు వెళుతుంది. మా అమ్మ చేసేది, నేనూ చేశాను. హాస్టల్ నిండా పిల్లలున్న రోజుల్లో వారం తిరిగేసరికి నా సంచి బరువుకు మేకు వంగిపోయేది!

మరి పిల్లలు వెళ్ళిపోయారు, నేను మంచమెక్కాను, మా ఆయన కర్రీ పాయింట్ నుంచి ఏదో తెచ్చుకుని తింటున్నారు, పొయ్యి వెలగడం లేదు. సంచి ఖాళీగా వేలాడుతోంది. ఖాళీ సంచి పంపిస్తే సంఘంలో ఏమంటారు, సువార్తమ్మ వెనకబడిపోయింది అంటారు కదా! అందుకని శనివారం సాయంత్రం లేచి, బస్తాలో గ్లాసు ముంచి, గబగబా సంచి నింపేసి, మూతి బిగించి కట్టి ఆయన చేతికిచ్చి పంపేదాన్ని. స్తోత్రం లేదు, పిడికెడు లేదు, అన్నం లేదు. ఉత్త బియ్యం. పైగా మన పాస్టరయ్యగారు ప్రసంగంలో "ఇన్ని గొడవల్లో కూడా సువార్తమ్మగారి సంచి నిండుగా వచ్చింది చూడండి, అదీ విశ్వాసమంటే" అన్నారట. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. ఇంత మెప్పు వచ్చాక ఇంకెవరితో చెప్పుకోను నా బాధ? ఆ వారం నుంచే నాకు బతుకు మీద ఆశ పూర్తిగా పోయింది. నేను లేకపోతే ఈయనకొక బరువు తగ్గుతుంది, హాయిగా తెనాలి వెళ్ళిపోతారు అనే తలంపు పగలంతా నా పక్కనే పడుకుని ఉండేది. ఈ మాట ఇప్పుడు మైకులో చెప్పగలుగుతున్నాను గాని, అప్పుడు నా నీడకు కూడా చెప్పలేదు.

ఒక ఆదివారం బందు పడింది. ఆరాధన లేదు. మా ఆయన సంచి తీసుకెళ్ళలేదు. మధ్యాహ్నం ఎవరో తలుపు తడితే పోలీసులో, ఎవరో ఏమిటో అని బిక్కచచ్చిపోయాను. తీరా చూస్తే మన పాస్టరమ్మగారు! ఈ ముందు వరుసలో కూర్చుని నన్ను చూసి తల అడ్డంగా ఊపుతున్నారే, ఆవిడే. నల్గొండ పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, మాటలో మొహమాటం ఉండదు. ఆటోలు లేవని సరూర్‌నగర్ నుంచి ఎండలో నడుచుకుంటూ ఇంటింటికీ తిరిగి సంచులు పోగుచేస్తున్నారు, ఎందుకంటే పనులు లేక కూలి ఇళ్ళల్లో పొయ్యిలు ఆరిపోయాయి, బియ్యం ఆ రోజే కావాలి. నేను తల దువ్వుకోలేదు, చీర మాసిపోయింది. అయినా అలవాటుగా నవ్వి "ప్రైజ్ ది లార్డ్ అమ్మా, ప్రభువు కృపలో బాగున్నాం" అన్నాను. ఆవిడ మంచినీళ్ళ కోసం నేరుగా వంటగదిలోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళి, మేకు మీంచి నిండు సంచి తీసి ఇవ్వబోయాను.

ఆవిడ సంచి అందుకోలేదు. పొయ్యి మీద వేలితో ఇలా గీశారు. దుమ్ములో గీత పడింది.

"పొయ్యి ముట్టియ్యక ఎన్ని దినాలైందో దుమ్ము వట్టింది. మరి సంచెట్ల నిండింది అక్కా?" అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. మా అమ్మ జ్వరం చూడటానికి నుదుటి మీద చెయ్యి వేసినప్పుడు ఎలా అడిగేదో అలా అడిగారు. అంతే సహోదరులారా, వంటగది గచ్చు మీద కూలబడి, నెలల తరబడి దాచిన ఏడుపంతా ఏడ్చాను. నేను లేకపోతే బాగుండుననే తలంపు కూడా చెప్పేశాను. ఆవిడ బోధ చేయలేదు, గద్దించలేదు. నా పక్కన గచ్చు మీదే కూర్చుని, నా తల ఒళ్ళో పెట్టుకుని "ఏడ్వు అక్కా, ఏం గాదు, నేనెటు పోను" అన్నారు. కొంతసేపయ్యాక "ఇప్పుడు ప్రార్థన జెయ్యి, కానీ స్తోత్రంతోని మొదలు వెట్టకు, నిజంతోని మొదలు వెట్టు" అన్నారు. నాకు స్తోత్రం లేకుండా ప్రార్థన మొదలుపెట్టడం రాదు! చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. తడుముకుని తడుముకుని ఇలా అన్నాను:

"ప్రభువా, నేను బాగాలేను. నీ మీద నాకు కోపంగా ఉంది. ఈ ఊరంటే భయంగా ఉంది. నీ బియ్యం కూడా నేను దొంగగా నింపాను. నాకు బతకాలని లేదు. ఇంక నీ ఇష్టం."

అది నా జీవితంలో నేను చేసిన మొదటి ప్రార్థన అంటే మీరు నమ్మాలి. అంతకుముందు చేసినవన్నీ వినేవాళ్ళ కోసం చేసినవే.

అప్పుడు పాస్టరమ్మగారు లేచి, ఆ సంచి ముడి విప్పి, బియ్యమంతా తిరిగి నా బస్తాలో పోసేశారు. కూలి ఇళ్ళకు బియ్యం కావలసిన రోజది, చేతిదాకా వచ్చిన సంచి వెనక్కి పోయడం ఎంత కష్టమో ఆలోచించండి! "ఈ నిండు సంచి నాకొద్దక్కా. ఆ ఇండ్లకియ్యాల్సిన బియ్యం నేను యాడికెల్లన్న దెస్త. వండిన పూటకు ఒక్క పిడికెడు వెయ్యి. వండకుంటె ఖాళీ సంచే పంపు, నేనే తీస్కుంట. కానీ పిడికెడు ఏసినప్పుడు ఆ దినం నీ కండ్లతోని చూసింది ఒక్కటి దేవునికి చెప్పు. 'వారమంత కాపాడినవ్ ప్రభువా' అంటె చెల్లదు, అది మనమందరం నిద్రల గూడ అంటం" అన్నారు. నాకు ఏడుపులోనూ నవ్వొచ్చింది.

అంతటితో వదల్లేదు. బందు అయిపోయాక మా ఆయన్నీ నన్నూ వెంటబెట్టుకుని కొత్తపేట దాటాక మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. నేను మెట్ల దగ్గరే మొండికేశాను, మాత్రలు మింగితే విశ్వాసం లేనట్టే కదా అన్నాను. పాస్టరమ్మగారు మెట్ల మీదే నిలబడి "జరమొస్తే గోలి ఏస్కుంటవ్ గద? మనసుకు జరమొస్తే ఎందుకు ఏస్కోవద్దు? మా చిన్నోడు పుట్టినంక నేను గూడ తిన్న ఈ గోలీలు, ప్రార్థన జేస్కుంటనే తిన్న" అన్నారు. ఆవిడకూ ఇలాంటి బాధ వచ్చిందని మనలో ఎవరికైనా తెలుసా? ఈ మాట సభలో చెప్పమని ఆవిడే నాకు అనుమతిచ్చారు, నావంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటారని. నేను లోపలికి వెళ్ళాను. ఆ డాక్టరమ్మ నా మాట ఓపిగ్గా విని, దీనికి పేరుంది, దీనికి మందుంది అని చెప్పింది. నాకు వచ్చిన తలంపు ఇంట్లో చెప్పకుండా దాచవద్దని మా ఆయన ముందే చెప్పింది. ఆ డాక్టరమ్మను కూడా దేవుడే అక్కడ కూర్చోబెట్టాడని నా విశ్వాసం.

ఇక పిడికెడు. వినడానికి ఎంత తేలిగ్గా ఉంది! మర్నాడు మా ఆయన పొయ్యి తుడిచిపెట్టారు, నేను బియ్యం కొలిచి, పిడికెడు తీసి, సంచి దగ్గర నిలబడ్డాను. ఏముందని స్తోత్రం చెప్పను? ఎసరు మరిగిపోతోంది, ఆయన గుమ్మంలోంచి తొంగి చూస్తున్నారు, చేతిలో బియ్యం చెమటకు తడుస్తోంది. అప్పుడే పంపులో నీళ్ళు సర్రుమన్నాయి. "ప్రభువా, ఇవాళ నీళ్ళొచ్చాయి" అని పిడికిలి విప్పేశాను. కోపంగానే అన్నాను, దేవుడు తీసుకున్నాడు! ఆ తర్వాతి పూట చెప్పుకోవడానికి ఏమీ దొరక్క కిటికీ కర్టెన్ కొంచెం జరిపి వీధి చూశాను, సందులో ముసలాయన తన సైకిల్‌ని ముద్దుగా తుడుచుకుంటున్నాడు, అది చెప్పాను. ఇంకో పూట మా ఆయన నా కోసం కర్వేపాకు కొనబోయి గోరింటాకు కొనుక్కొచ్చారు, నాకు చిరాకుపడే ఓపిక వచ్చినందుకు స్తోత్రం చెప్పాను. నవ్వండి, నవ్వండి, ఆయనా నవ్వుతున్నారు!

కొన్ని పూటలు లేవలేకపోయాను. ఆ ఆదివారం సంచిలో చారెడు బియ్యం కూడా లేవు. ఆయన చేత పంపడానికి సిగ్గుతో చచ్చిపోయాను. పాస్టరమ్మగారు ఆ కాసిన్ని బియ్యాన్నీ అందరి ముందూ పాత్రలో పోసి, నా సంచి మడత పెట్టి తిరిగి పంపించారట. కానీ సహోదరులారా, ఒక సంగతి గమనించాను. సాయంత్రం పిడికెడు వేసేటప్పుడు చెప్పాలి గనుక, పగలంతా నా కళ్ళు వెతకడం మొదలుపెట్టాయి. టీవీలో వెతికితే దొరకదు, టీవీ కట్టేశాను. దొరకాలంటే కిటికీ తీయాలి, తీశాను. భయం పోలేదు, అది ఓ పక్కన కూర్చునే ఉంది, నేను దానికి ఎదురుగా బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను.

అంతలో పిల్లల్లో మొదటగా స్రవంతి తిరిగొచ్చింది. సూర్యాపేట వైపు పిల్ల, టీచరు ఉద్యోగం కోసం కోచింగు. ఆ పిల్ల మెడలో గులాబీ కండువా చూసి నా ప్రాణం ఝల్లుమంది, ఎందుకంటే రోడ్డు మీద నేను ఏ అరుపులకు వణికానో ఆ అరుపుల్లో ఈ పిల్ల గొంతు కూడా ఉందన్నమాట. అది చెప్పులు విప్పుతూనే "ఆంటీ, ఆకలైతుంది, ఏమన్న ఉన్నదా?" అంది. పెట్టాను. గోంగూర వేసుకుని వేళ్ళు నాకుతూ తింది. ఆ పూట పిడికెడు తీసుకుని సంచి దగ్గరికి వెళ్ళాను. "ప్రభువా, స్రవంతి మారు వడ్డించుకుంది" అన్నాను.

ఆ ఎండాకాలం చివర రోడ్ల మీద వంటా-వార్పు పెట్టారు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు మెట్రో స్తంభాలున్నాయే, ఆ మెయిన్ రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన చెప్పడం. పొద్దున నుంచీ పాటలు, డప్పులు వినపడుతున్నాయి. నేను కిటికీ మూయలేదు గాని దగ్గరికీ పోలేదు. స్రవంతి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "ఆంటీ, మేం తెచ్చిన బగోనలు సరిపోతలేవు, మస్తు మంది వచ్చిన్రు. మీ పెద్ద గుండిగ జర ఇస్తరా?" అంది. తీసుకెళ్ళమన్నాను. అది ఒక పక్క పట్టుకుని లేపబోయింది, లేవలేదు. నా మొహం చూసింది. "జర గటు దిక్కు పట్టుకోండి ఆంటీ" అంది.

మందుల షాపుకు కూడా నేను మెట్లు దిగడం మానేసిన రోజులవి, డాక్టరమ్మ దగ్గరికి కూడా మా ఆయన చెయ్యి పట్టుకుని దించేవారు. ఆ రోజు ఆయన ఇంట్లో లేరు. గుండిగకు రెండే పిడులు. ఒక పిడి ఆ పిల్ల చేతిలో ఉంది. ప్రభువా, ప్రభువా, ప్రభువా అని మెట్టుకొక్కసారి అనుకుంటూ దిగాను, ఇంకే ప్రార్థనా రాలేదు. సందు దాటి మెయిన్ రోడ్డు మీదికి వచ్చేసరికి ఎక్కడ చూసినా జనం, జెండాలు, పొగ. నాకు కళ్ళు తిరిగాయి. గుండిగ దించి వెనక్కి పారిపోదామనుకున్నాను. పొయ్యి దగ్గర నలుగురు ఆడవాళ్ళు ఎసరు పోస్తున్నారు, నేను చూస్తుండగానే బియ్యానికి చాలీచాలని నీళ్ళు పోసి మూత పెట్టబోయారు. అన్ని బియ్యం అన్ని నీళ్ళకు ఉడుకుతాయా! నా నోరు ఊరుకుంటుందా, "అమ్మా, ఇంకో బిందె పొయ్యండి, అడుగంటుద్ది!" అని అరిచేశాను.

నా మాట యాస వినపడగానే అందరూ తిరిగి చూశారు. పొయ్యి దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ కళ్ళు చికిలించి "ఏ ఊరు బిడ్డా నీది?" అని అడిగింది.

ఆ ప్రశ్న కోసమే కదా నేను నెలల తరబడి కర్టెన్లు వేసుకుని భయపడింది! అబద్ధం చెప్పవచ్చు, ఎల్బీనగర్ అంటే చాలు. కానీ అబద్ధం సంచి ఒకటి నింపి నేను పడ్డ పాట్లు చాలు. "తెనాలి దగ్గరండి" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "గంత దూరమా? అందుకే గట్ల బక్కగైనవ్. కూసో. తిని పో, సల్లారుతది" అని విస్తరాకు నా ముందుకు తోసింది.

సహోదరులారా, నేను ఇన్నేళ్ళుగా వడ్డించే చేతినే. హాస్టల్లో అందరూ తిన్నాక నిలబడి తినేదాన్ని. ఆ రోజు రోడ్డు మీద కూర్చోబెట్టి వాళ్ళు నాకు వడ్డించారు. అన్నం, పప్పు, పచ్చిపులుసు. ఒకావిడ గరిటెతో వస్తూ "ఇంకింత ఏస్కో అక్కా, సిగ్గు వడకు" అని, నేను వద్దంటున్నా వేసింది. వాళ్ళు తమ పాట తాము పాడుకుంటున్నారు, తమ మాట తాము అడుగుతున్నారు, ఆ మాటకు నేను అటూ కాదు ఇటూ కాదు, కానీ ఆ విస్తట్లో అన్నం మాత్రం నాదే. ఎన్నాళ్ళకో నాకు ఆకలేసింది! రుచి తెలిసింది! కళ్ళ నీళ్ళు పులుసులో పడుతున్నా తిన్నాను, కారమనుకుని స్రవంతి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

సాయంత్రం ఆ గుండిగ తోమి పైకి మోసుకొచ్చాక, రాత్రి అన్నానికి బియ్యం కొలిచి పిడికెడు తీశాను. మా ఆయన పక్కనే ఉన్నారు, ఆయన్నడగండి. ఇలా ప్రార్థించాను: "ప్రభువా, ఇవాళ నేను మెట్లు దిగాను. నేనెవరికి భయపడ్డానో వాళ్ళు నాకు అన్నం పెట్టారు. నాకింకా భయం ఉంది. అయినా రేపు తెల్లవారనీ తండ్రీ, నాకు చూడాలని ఉంది." ఆ ఆఖరి మాట నోట్లోంచి వచ్చాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. మా ఆయన అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

ఆ రోజుతో అంతా మాయమైపోయిందని చెబితే మీరు గట్టిగా హల్లెలూయా అంటారు, నాకు తెలుసు. కానీ నిజంతో మొదలుపెట్టాను గనుక నిజంతోనే ముగించాలి. మాత్రలు ఇంకా చాలాకాలం వేసుకున్నాను, డాక్టరమ్మ తగ్గించమన్నప్పుడు తగ్గించాను, నా అంతట నేను ఏ రోజూ మానలేదు. పిల్లలు తిరిగొచ్చారు, రాష్ట్రం వచ్చింది, మేం ఇక్కడే ఉన్నాం, స్రవంతి టీచరై తన పెళ్ళికి ఆ గుండిగే అడిగి తీసుకెళ్ళింది. ఇప్పటికీ కొన్ని పొద్దులు దిగులు వచ్చి మంచం పట్టీ మీద కూర్చుంటుంది. వచ్చినప్పుడు మా ఆయనకు చెబుతాను, పాస్టరమ్మగారికి ఫోన్ చేస్తాను, లేవగలిగితే లేచి బియ్యం కొలుస్తాను. స్తోత్రం చెప్పినందుకు దిగులు పారిపోతుందని నేననను. స్తోత్రానికి ఏదో ఒకటి వెతకాలి గనుక కళ్ళు తెరుస్తాను, తెరిచిన కళ్ళకు దేవుడు ఏదో ఒకటి చూపిస్తున్నాడు. నిన్నటి పూట ఏం చెప్పానో తెలుసా? మా పక్కింటి పాప పళ్ళూడిన నోటితో నా పేరు పలికింది, అది చెప్పాను.

మీలో ఎవరైనా నిండు సంచి పట్టుకుని, లోపల పొయ్యి ఆరిపోయి కూర్చున్నవాళ్ళుంటే, అక్కా, అన్నా, తమ్ముడూ, మీతోనే మాట్లాడుతున్నాను. ప్రభువు దగ్గరికి అలాగే రండి. ముందు మీ బాధ చెప్పండి, ఆయనకు కోపం రాదు, నేను చెప్పి చూశాను. ఇంట్లోవాళ్ళకు చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి తోడు కావాలంటే నేనొస్తాను, మెట్ల దగ్గర మొండికేస్తే పాస్టరమ్మగారు ఉండనే ఉన్నారు. మా ఇల్లు ఇప్పటికీ ఆ సందులోనే, పై అంతస్తు, తలుపు కొడితే చాలు.

ఇదిగోండి నా సంచి. ఈ వారం ఒంట్లో బాగాలేదు, మనసూ బాగాలేదు, కొన్ని పూటలు పొయ్యి వెలిగించలేదు. అందుకే సగమే ఉంది. సగమే తెచ్చాను, మీ అందరి ముందూ పోస్తున్నాను. నన్ను లేపి నిలబెట్టిన నా తండ్రికే ఈ పిడికెళ్ళన్నీ, ఈ మాటలన్నీ, మహిమ అంతా ఆయనకే చెందాలి. ఆమేన్.